అనుభవం లేని అభ్యర్థి



అనుభవం లేనివాడు అత్యున్నత పదవికి నేరుగా పోటీ పడవచ్చునా అన్న ప్రశ్న మన తెలుగునేల మీద ఉండి ఉండి తలయెత్తుతూ ఉంటుంది. తలయెత్తినప్పుడల్లా జనం రెండు పక్షాలవుతారు. ఈత రానివాడు ఏటిలో దిగరాదని ఒక పక్షం. దిగకుండా ఈత నేర్చినవాడెవడని రెండవ పక్షం. రెండు మాటలూ నిజమే కనుక వాదం తెగదు. టీ చల్లారుతుంది, అందరూ లేచి ఇళ్ళకు పోతారు. తెలుగు పండితశిక్షణ పొంది, మూడు దశాబ్దాలకు పైగా బడిలో వ్యాకరణం చెప్పి పదవీవిరమణ చేసిన నాబోటివాడు ఇందులో తల దూర్చడానికి కారణం ఒక్కటే. నా మొదటి ఓటు ఈ ప్రశ్న మీదనే పడింది.

1983 జనవరి 5. అప్పటికి ఓటుహక్కు ఇరవై ఒకటవ యేట వచ్చేది. నాకు ఇరవై రెండు. లాల్‌దర్వాజా దగ్గరి గల్లీలో ఉంటూ పండితశిక్షణ చదువుతున్నాను. తొమ్మిది నెలల క్రితం, 1982 మార్చి 29న, నందమూరి తారక రామారావు హైదరాబాదులో పార్టీ ప్రకటించారు. ఏటికి అరవై నిండవస్తున్న ఆ నటునికి శాసనసభ మాట దేవుడెరుగు, పంచాయతీ బోర్డులో కూడా కూర్చున్న అనుభవం లేదు. ప్రభుత్వం లోపలి నుంచి ఎలా ఉంటుందో ఆయన చూసినది యౌవనంలో సబ్‌ రిజిస్ట్రారు ఉద్యోగం చేసిన కొద్ది వారాలు మాత్రమే. ఆ కుర్చీ వదలి సినిమాలకు వెళ్ళినవాడు మళ్ళీ సర్కారు గడప తొక్కినది ముఖ్యమంత్రిగానే.

శాలిబండ ఇరానీ హోటల్లో ఆ రోజుల్లో మాట్లాడుకొన్నదంతా ఇదే. మా గల్లీలో కుట్టుపని చేసే ఒక దర్జీ చాచా ఉండేవారు. తెలుగు చక్కగా అర్థమయ్యేది, మాట్లాడడం మాత్రం ఉర్దూలోనే. రామారావు సినిమాలలోని పౌరాణికాలన్నీ చూసిన మనిషి. ఆయన సాసరులో టీ పోసుకొంటూ ఒక సామెత వేశారు: "నయా ముల్లా జ్యాదా ప్యాజ్ ఖాతా హై, మాస్టర్ సాబ్." కొత్తగా ముల్లా అయినవాడు ఉల్లిపాయలు ఎక్కువ తింటాడట. నేను అప్పటికి మాస్టరును కాలేదు. ఆయన ముందుగానే నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ మాట వినగానే మన సామెత నాకు తట్టింది: కొత్త బిచ్చగాడు పొద్దెరుగడు. రెండు భాషలు, ఒకే గల్లీ, ఒకే అనుమానం.

ఆ సామెత ఇక్కడ ఎంతగా అతుకుతుందో పండితులకు తెలుస్తుంది. 'అభ్యర్థి' అంటే యాచించేవాడు అనే అర్థం. వోటు కోసం ఇంటింటి ముందు నిలబడేవానికి మన పత్రికలవారు ఆ పేరు ఖాయం చేసినప్పుడు ఇంత లోతుగా ఆలోచించి ఉండరు గాని, మాట మాత్రం సరిగ్గా కుదిరింది. 'అనుభవం' అనే మాటనూ విప్పి చూడండి. 'అను' అంటే వెంట, తరువాత. 'భవం' అంటే కలగడం. పని ముందు, దాని వెంబడి కలిగేది అనుభవం. నిఘంటుకారులు నా వ్యుత్పత్తిని పూర్తిగా మెచ్చకపోవచ్చు. కాని పనికి ముందే అనుభవం తెమ్మని అడగడంలో ఉన్న చిక్కును ఆ ఉపసర్గ చెప్పకనే చెబుతున్నది.

సరే, అనుభవజ్ఞుల సంగతి అప్పుడు ఎలా ఉండేదో గుర్తు చేసుకొందాము. 1978 నుంచి 1983 వరకు అయిదేళ్ళ లోపల రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులు: మర్రి చెన్నారెడ్డి, టంగుటూరి అంజయ్య, భవనం వెంకటరామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి. నలుగురూ అనుభవం లేనివారు కారు. చెన్నారెడ్డి అంతకుముందే ఉత్తరప్రదేశ్ గవర్నరుగా పనిచేసి వచ్చినవారు. అంజయ్య కార్మికసంఘాలలో తల పండినవారు. అయినా వారిని కూర్చోబెట్టినదీ లేపినదీ ఢిల్లీయే. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో, స్వాగతానికి పూలదండలతో వచ్చిన అంజయ్యను రాజీవ్‌గాంధీ అందరి ముందూ గద్దించిన సంగతి మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. అప్పటికి రాజీవ్‌గాంధీ లోక్‌సభకు వచ్చి ఏడాది కూడా కాలేదు. అనుభవం లేనివాడు అనుభవజ్ఞుణ్ణి మందలించాడు, అనుభవజ్ఞుడు తల వంచుకొన్నాడు, ఆ నెలలోనే పదవి పోయింది. తరువాత రెండున్నరేళ్ళకు ఆ రాజీవ్‌గాంధీయే దేశానికి ప్రధానమంత్రి.

అంటే ఆ నలుగురికీ ఉన్న అనుభవం ఏ విద్యలో? ఢిల్లీ మనసు కనిపెట్టే విద్యలో. ఆ విద్య రాష్ట్రానికి పనికిరాలేదు, చివరకు వారికీ పనికిరాలేదు. అందువల్లనే రామారావు 'ఆత్మగౌరవం' అన్న ఒక్క సమాసం చేతబట్టుకొని పాత షెవర్లే బండి మీద ఊరూరా తిరిగితే జనం విరగబడ్డారు. ఆయన వేదికల మీద మాట్లాడిన సంస్కృతభూయిష్టమైన తెలుగును చూసి నవ్వినవారు ఉన్నారు. మా శిక్షణ కళాశాలలో మాత్రం ఎవరూ నవ్వలేదు. సభలో నిలబడి సమాసం విరగకుండా వాక్యం పూర్తిచేసే రాజకీయ నాయకుణ్ణి చూసి మేము మురిసిపోయాము. నా వోటుకు ఆ వాక్యనిర్మాణం కూడా ఒక కారణమని ఇప్పుడు చెప్పడానికి సంకోచం లేదు. 294 స్థానాలలో రెండు వందలకు పైగా ఆయన పార్టీకి వచ్చాయి. జనవరి 9న లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణస్వీకారం. మా పాతబస్తీ లెక్క అప్పుడూ వేరే, ఇప్పుడూ వేరే. ఇక్కడ సలావుద్దీన్ ఒవైసీ 1962 నుంచీ పాతుకొని ఉన్నారు. ఆ ఆదివారం మాత్రం మా గల్లీలోని రేడియోలన్నీ ఒకే గొంతుతో పలికాయి.

అసలు సంగతి ఇక్కడి నుంచి మొదలవుతుంది. గెలిచిన తరువాత నేర్చుకోవడానికి అయ్యే రుసుము ఎవరు చెల్లించారు?

పండితశిక్షణలో బోధనాభ్యాసం అని ఒకటి ఉంటుంది. నల్లబల్ల, సుద్దముక్క, ఎదురుగా నలభైమంది పిల్లలు. పాఠం చెప్పడం రానివాడు చెప్పి నేర్చుకొంటాడు. ఆ గంట పిల్లలది. ఆ గంట వారికి తిరిగి రాదు. అందుకే వెనుక బల్ల మీద ఒక ఆచార్యుడు నోటుపుస్తకంతో కూర్చొని ఉంటాడు. ముఖ్యమంత్రి తొలి ఏడాదికి అటువంటి వెనుక బల్ల లేదు.

రామారావు తొలి ఏడాదిని చూడండి. కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చారు. ఖజానా లెక్కలు తెలిసినవాడు ఆ మాట ఇచ్చి ఉండడు. తెలియనివాడు ఇచ్చాడు, అమలు చేశాడు, ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగింది. 1984 ఆరంభంలో పటేల్, పట్వారీ, మునసబు, కరణాల వ్యవస్థను ఒక్క కలంపోటుతో తీసివేశారు. గ్రామాలలో ఎవరి చేతిలో ఓట్ల మూటలు ఉంటాయో ఎరిగిన అనుభవజ్ఞుడు ఆ తుట్టెను కదిలించడు. తెలియనితనం ఇక్కడ ధైర్యంగా పనిచేసింది. దీన్ని నేను కాదనలేను.

కాని అదే చేతితో 1983 ఫిబ్రవరిలో, పదవిలోకి వచ్చి నెల తిరగకుండానే, ప్రభుత్వోద్యోగుల పదవీవిరమణ వయస్సును 58 నుంచి 55కు దించారు. యువకులకు ఉద్యోగాలు వస్తాయన్నది కారణం. 55 నిండినవారందరూ ఆ నెల 28వ తేదీతో ఇంటికి. వేలాదిమంది. ఆడపిల్ల పెండ్లి మూడేళ్ళ తరువాత పెట్టుకొందామనుకొన్నవారు, ఇంటి అప్పు వాయిదాలు లెక్క కట్టుకొన్నవారు, నా తరానికి పాఠాలు చెప్పిన పంతుళ్ళు, మూడు వారాలలో మాజీలయ్యారు. ఆ ఖాళీల మీద ఆశ పెట్టుకొన్న నిరుద్యోగులలో నేనూ ఒకణ్ణి. ఉద్యోగపు ప్రకటనల కోసం నేను పత్రిక తిరగవేసే గ్రంథాలయంలోనే అటు చివర పదవీవిరమణ పొందినవారు కూర్చొని అదే పత్రిక చదివేవారు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకొనేవాళ్ళము కాము.

1984 ఆగస్టులో వయస్సును మళ్ళీ 58 చేశారు. 1985 జనవరిలో సుప్రీంకోర్టు మొదటి తగ్గింపు చెల్లుతుందని తీర్పు చెప్పింది. అదే ఏడు మరొక తీర్పులో, మధ్యకాలంలో ఇంటికి పోయినవారిలో ఇంకా 58 నిండనివారిని తిరిగి తీసుకొనవలసిందేనన్నది. వెనుక బల్ల మీది ఆచార్యుడు ఆలస్యంగానైనా వచ్చాడన్నమాట. అప్పటికి కొందరికి మిగిలినది కొద్ది నెలల ఉద్యోగమే. ఒక కొత్త ముఖ్యమంత్రి పాలన నేర్చుకొన్నందుకు అయిన రుసుము ఇది. ఆయన జేబులో నుంచి పోయినది కాదు.

మరి ఆయన జేబులో నుంచి పోయినది కూడా ఉన్నది. ఫైళ్ళు తెలియకపోవడం ఒక రకం తెలియనితనం. దానికి కార్యదర్శులు ఉంటారు, ఏడాదిలో తీరిపోతుంది. మనుషులు తెలియకపోవడం రెండవ రకం. తనకు పాలనానుభవం లేదని రామారావుకు తెలుసు. అందుకే అనుభవజ్ఞుణ్ణి పక్కన పెట్టుకొన్నారు. చెన్నారెడ్డి మంత్రివర్గంలో పనిచేసి వచ్చిన నాదెండ్ల భాస్కరరావుకు ఆర్థికశాఖ ఇచ్చారు. పుస్తకంలో చెప్పే సలహా అదే కదా, కొత్తవాడివైతే అనుభవం ఉన్నవాణ్ణి చేరదీయమని! అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకొని వచ్చిన రామారావును 1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ బర్తరఫు చేసి నాదెండ్లను గద్దె ఎక్కించారు. అనుభవం కోసం ఇచ్చిన కుర్చీ నుంచే ఆ అనుభవం ఇంకొక కుర్చీ మీదికి లేచింది.

ఆ నెల రోజులు పాతబస్తీవారం మరచిపోలేము. అక్కడ శాసనసభలో బలాబలాల పంచాయితీ. ఎమ్మెల్యేలను కర్ణాటకలో దాచడం, ఢిల్లీకి తీసుకొనిపోయి రాష్ట్రపతి జైల్‌సింగ్ ఎదుట నిలబెట్టడం. ఇక్కడ మాకు కర్ఫ్యూ. పాలు దొరికే రెండు గంటలలో గల్లీ మొగదల దాకా పోయి రావడం, దర్జీ చాచా దుకాణం తలుపులు రోజుల తరబడి మూసి ఉండడం. పైన కుర్చీ ఊగితే కింద నేల ఊగుతుంది. మా చార్మినారు చుట్టుపక్కల వారికి అది కొత్త సంగతి కాదు. సెప్టెంబరు 16న రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. జనం తెచ్చి కూర్చోబెట్టారు అనడమే సబబు.

దెబ్బ తగిలింది కాబట్టి మనుషులను చదవడం నేర్చుకొని ఉంటారని మనం అనుకొంటాము. 1989 ఫిబ్రవరిలో, ఆరేళ్ళ పాలనానుభవం తరువాత, తన మంత్రులందరినీ ఒక్కసారిగా తొలగించారు. ఆ ఏడాది చివర ఎన్నికలలో పార్టీ ఓడింది. ఆయన స్వయంగా కల్వకుర్తిలో ఓడారు. 1994 డిసెంబరులో మళ్ళీ అఖండ విజయం. 1995 ఆగస్టులో మళ్ళీ అదే పాఠం. ఈసారి ఎదుట నిలిచినది సొంత అల్లుడు చంద్రబాబునాయుడు, ఆయన వెంట అత్యధిక ఎమ్మెల్యేలు. ఈసారి తిరిగి రావడం జరగలేదు. 1996 జనవరి 18న కన్ను మూశారు. పదకొండేళ్ళ తేడాతో రెండు ఆగస్టులు. మొదటిదానికి అనుభవలేమి కారణమని సరిపెట్టుకొన్నవారు రెండవదానికి ఏమి చెబుతారు? ఏళ్ళు గడిచినంత మాత్రాన రాని అనుభవం కూడా ఒకటున్నది. అది వచ్చేవారికి మొదటి రోజునే కొంత వచ్చి ఉంటుంది.

శ్రీకృష్ణదేవరాయలు ఈ విషయం మనకంటె బాగా ఎరిగినవాడు. ఆముక్తమాల్యదలో యామునాచార్యుని కథ ఉన్నది గదా. పాండ్యరాజు సభలో విద్వాంసుణ్ణి వాదంలో గెలిచి, ఆ గెలుపుతో రాజ్యం పొందిన బ్రాహ్మణుడు. సైన్యం నడపలేదు, సుంకం వసూలు చేయలేదు. వాక్కు ఒక్కటే అర్హత. (వాక్కుతో రాజ్యం గెలిచినవానికి రామారావు కంటె దగ్గరి పోలిక నాకు దొరకలేదు.) యుద్ధాలన్నీ స్వయంగా చేసి రాజ్యమేలిన రాయలు తన రాజనీతినంతా నాలుగవ ఆశ్వాసంలో ఎవరి నోట పెట్టాడు? ఈ అనుభవం లేని అభ్యర్థి నోటనే! అయితే సింహాసనం ఎక్కే రోజున కాదు. చాలాకాలం ఏలి, వదలిపెట్టి పోతూ, కొడుకుకు చెప్పించాడు. అందులో మంత్రుల ఎంపిక గురించి, ఎవరిని ఎంతవరకు నమ్మాలన్నదాని గురించి ఉన్నంత జాగ్రత్త లెక్కల గురించి లేదు. తరగతిలో ఆ ఘట్టం చెప్పినప్పుడల్లా నాకు 1984 గుర్తుకు వచ్చేది. పిల్లలకు మాత్రం పరీక్షకు వచ్చేదే చెప్పేవాణ్ణి.

రాష్ట్రపతి పదవి సంగతి వేరు. రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావు 1967లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా జాకిర్ హుసేన్ మీద నిలబడ్డారు. జాకిర్ హుసేన్ మన హైదరాబాదులో పుట్టినవారే. అప్పటికే గవర్నరుగా, ఉపరాష్ట్రపతిగా చేసినవారు. 4,71,244 ఓట్ల విలువకు 3,63,971. ఓడినా ఆ రోజుల్లో అది చిన్న సంఖ్య కాదు. 2002లో రాజకీయం ఎరుగని అబ్దుల్ కలామ్ గెలిచి మన్నన పొందారు. అధికారం తక్కువైన కుర్చీలో కొత్తవాడు కూర్చొంటే రుసుమూ తక్కువే. అధ్యక్షుడే పాలకుడైన అమెరికాలో అట్లా కాదు. అక్కడ సెనేట్‌లో రెండేళ్ళు నిండగానే ఒబామా 2007లో పోటీకి దిగినప్పుడు ఇదే రభస జరిగింది. అంతకు నూట యాభై ఏళ్ళ ముందు బుకానన్ అని ఒక అధ్యక్షుడు. సెనేటరు, రాయబారి, విదేశాంగ మంత్రి, అన్నీ చేసి వచ్చాడు. దేశం రెండుగా చీలిపోతుంటే చూస్తూ కూర్చున్నాడని చరిత్రకారులు ఇప్పటికీ తిడతారు. ఆయన తరువాత వచ్చిన లింకనుకు జాతీయ చట్టసభలో ఉన్న అనుభవం రెండేళ్ళు.

రామారావు దారిలో మన దగ్గర మరికొందరు బయలుదేరారు. చిరంజీవి 2008 ఆగస్టులో ప్రజారాజ్యం పెట్టి 2009లో 18 స్థానాలు తెచ్చుకొన్నారు. పద్దెనిమిదిమందితో ప్రతిపక్షంలో అయిదేళ్ళు కూర్చొని ఉంటే అంతకు మించిన పాఠశాల ఉండేది కాదు. 2011లో పార్టీని కాంగ్రెసులో కలిపివేశారు. పాఠం మధ్యలో బడి మానివేసిన పిల్లవాణ్ణి చూసినప్పుడు కలిగే బాధ కలిగింది నాకు. తమ్ముడు పవన్‌కల్యాణ్ 2014 మార్చిలో పార్టీ పెట్టి, 2019లో రెండు చోట్ల నిలబడి రెండు చోట్లా ఓడి, 2024లో నిలబెట్టిన 21 స్థానాలూ గెలిచి ఉపముఖ్యమంత్రి అయ్యారు. అన్నగారికి తొమ్మిది నెలల్లో వచ్చినది ఈయనకు పదేళ్ళు పట్టింది, అదీ రెండవ కుర్చీ. 2009 సెప్టెంబరులో రాజశేఖరరెడ్డి మరణించినప్పుడు, నాలుగు నెలల ఎంపీ జగన్ ముఖ్యమంత్రి కావాలని ఎమ్మెల్యేలు సంతకాలు చేస్తే, అధిష్ఠానం ఎన్నో బడ్జెట్లు చదివిన రోశయ్యను ఎంచుకొన్నది. ఆ అనుభవం పద్నాలుగు నెలలు నిలిచింది. జగన్ 2019 దాకా ఆగవలసివచ్చింది. వీరిలో ఎవరి పాలన ఎట్టిదో తేల్చడం నా పని కాదు. మీ మీ అభిప్రాయాలు మీకు ఉండనే ఉంటాయి.

ఈ మధ్య నా పూర్వవిద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళవాడు. పాతబస్తీలోనే చిన్న ప్రయివేటు బడి నడుపుతున్నాడు. మంచినీళ్ళ లైను కోసం, నాలా పూడిక కోసం దరఖాస్తులు పట్టుకొని తిరిగి తిరిగి విసిగి, వచ్చే అసెంబ్లీ ఎన్నికలలో నిలబడాలని నిశ్చయించుకొన్నాడు. "అందరూ ముందు కార్పొరేటరుగా నిలబడి నేర్చుకో అంటున్నరు సార్. మీరేమంటరు?" అని అడిగాడు.

నిలబడమన్నాను. వార్డులో నేర్చుకొనేది వార్డు విద్యే. కాంట్రాక్టరుతో ఎలా మాట్లాడాలో వస్తుంది, ప్రజలతో ఎలా మాట్లాడాలో అతనికి ఇప్పటికే వచ్చును. కాని ఒక కాగితం ఇచ్చి ఒక పని చెప్పాను. నీవు గెలిచి, సంతోషంతో ఊగిపోతూ, ఒక తప్పు ఉత్తర్వు మీద సంతకం పెట్టబోతున్నావనుకో. అప్పుడు నీ చేయి పట్టుకొని ఆపగలవారు ముగ్గురి పేర్లు రాయమన్నాను. ఆ ముగ్గురికీ నీ వల్ల ఏ లాభమూ ఉండరాదన్నాను.

చాలాసేపు ఆలోచించాడు. మొదట వాళ్ళ అమ్మ పేరు రాశాడు. తరువాత బావమరిది పేరు.

"ఇంటివారు లెక్కకు రారు నాయనా," అన్నాను.

బావమరిది పేరు కొట్టివేశాడు. అమ్మ పేరు కొట్టడానికి మనసు రాలేదు, సరే, ఉండనిమ్మన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకొని, మా ఆవిడ ఇచ్చిన చాయ్ తాగి వెళ్ళిపోయాడు. ఇంకా రెండు పేర్లు తేవాలి. ఎన్నికలకు వ్యవధి ఉన్నది.